తడి తివాచీ మీద చెప్పుల్లేని కాళ్ళు

పెళ్ళి అయిపోయిన మర్నాడు కల్యాణమండపం ఎలా ఉంటుందో చూశారా? తొక్కుడుపడ్డ తలంబ్రాలు, వాడిన బంతిపూలు, నలిగిన కాగితపు గ్లాసులు. విజయనగరంలో అలాంటి ఒక హాలుకి మరిచిపోయిన సామాను కోసం వెళ్ళి, గంటసేపు అక్కడే నిలబడిపోయాను. పీటలు వేసిన చోట లేత రంగు తివాచీ మీద అరచేయంత పసుపు మరక. శుభ్రం చేయడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు దాని మీద నురగ పోసి రుద్దారు. మరక పోలేదు సరికదా, చూస్తుండగానే ఎర్రబడింది. సాయంత్రం ఇంకో పెళ్ళివారు దిగుతున్నారు. ఒకడు సంచీలోంచి బ్లీచింగ్ నీళ్ళు తీశాడు. రెండోవాడు పక్క బాత్రూములోంచి ఆసిడ్ సీసా తెచ్చాడు. మెట్ల మీద బీడీ కాల్చుకుంటున్న వాచ్‌మన్ అరిచాడు: "ఒరే గుంటల్లారా, ఆ రెండూ కలపకండర్రా! ఊపిరాడక సస్తారు!"

ఆ ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. బ్లీచింగ్‌కు ఆసిడ్ తగిలితే పుట్టేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసి ఏసీ వేసిన హాల్లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఇక ఆ ఎరుపు సంగతి మన ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలుసు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. కార్పెట్ షాంపూల్లో చాలావాటికి సున్నంలాగే క్షారగుణం ఉంటుంది. అంటే కుర్రాళ్ళు తివాచీ మీద పారాణి కలిపారన్నమాట. నాలుగు చుక్కల నిమ్మరసమో వెనిగరో నీళ్ళలో వేసి అద్దితే ఆ ఎరుపు తిరిగి పసుపవుతుంది. పసుపులోని రంగు వెలుతురుకు ఆగదు కాబట్టి, ఎండలో పరిస్తే మెల్లగా వెలిసిపోతుంది. ఇవన్నీ వాళ్ళకు చెప్పిన మనిషి లేడు. మెషీన్ కొని చేతికిచ్చినవాడు మీట ఎక్కడుందో చూపించాడు, అంతే.

తివాచీలు, సోఫాలు కడిగే సర్వీసుల్లో ఆరోగ్యం, భద్రత అనగానే మార్కెట్లో వినబడేదంతా డబ్బిచ్చేవాడి ఆరోగ్యమే. పసిపిల్లలకు హాని లేని షాంపూ, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు చచ్చే క్రిములు, దుమ్ము పురుగుల నుంచి విముక్తి. మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేవాడి ఊపిరి, చర్మం, నడుము గురించి ఏ కరపత్రంలోనూ ఒక ముక్క ఉండదు. ఈ పనిలో తెలిసిన ప్రమాదాలు ఏమిటి, వాటికి తెలిసిన జాగ్రత్తలు ఏమిటి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అవి ఎందుకు అమలు కావు అన్నదే ఇక్కడ చూడబోయేది.

అసలు మన దగ్గర తివాచీలు ఎక్కడున్నాయి? ఏలూరుకు నేతతివాచీల చరిత్ర ఉంది, భౌగోళిక గుర్తింపూ ఉంది. వరంగల్ జంపఖానాలకూ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు జనపనార మిల్లులు ఉన్నా, ఇళ్ళలో తివాచీ పరుచుకునే అలవాటు లేదు. ఉక్కపోసే ఊళ్ళలో చల్లని గచ్చు మీద చాప వేసుకుని పడుకున్న జనం మనం. తివాచీ మనకు బయటి వస్తువు: ఫంక్షన్ హాళ్ళలో, టెంట్ హౌస్ గోదాముల్లో, లాడ్జీల్లో, కాలేజీ సెమినార్ హాళ్ళలో, మసీదుల్లో, చర్చిల్లో ఉంటుంది. ఇళ్ళలో కడిగించుకునేది సోఫా, పరుపు, కారు సీట్లు. వీటన్నిటికీ వచ్చేది అదే ముగ్గురు నలుగురు కుర్రాళ్ళ బృందం, అదే మెషీన్, అవే సీసాలు.

మురికి వదిలించే పని మాత్రం ఇక్కడ కొత్తది కాదు. నాగావళి, వంశధార ఒడ్డున చాకిరేవులు ఉండేవి. చవుడుమట్టి కలిపిన నీళ్ళలో బట్టలు ముంచి, బానలో ఉబ్బకు పెట్టి, బండకేసి బాదేవారు. చవుడు కూడా క్షారమే. ఏళ్ళ తరబడి దాంట్లో నానిన చేతులు బీటలు వారేవి, వేళ్ళ సందులు ఒరిసేవి. దాన్ని ఎవరూ వృత్తిరోగం అనలేదు, కులవృత్తి అన్నారు. రోగానికి మందు వెతకాలి, కులానికి వెతకనక్కర్లేదు కదా. ఇప్పుడు మెషీన్ పట్టుకునే కుర్రాళ్ళు అన్ని కులాల నుంచీ వస్తున్నారు. కానీ మురికి తీసేవాడి చేతుల వంక చూడకపోవడమనే పాత అలవాటు పోలేదు.

ఇక సీసాల సంగతి. హోటళ్ళలో హౌస్‌కీపింగ్ నేర్చుకున్నవాళ్ళు రసాయనాలను పేర్లతో కాదు, అంకెలతో పిలుస్తారు. టాస్కి కంపెనీ వరుసలో ఆర్-2, ఆర్-3, ఆర్-6 అనే నంబర్లే వాళ్ళ భాష. ఆర్-3 అద్దాలకు, ఆర్-6 టాయిలెట్‌కు. అంకె, రంగు గుర్తుంటే చదువు తక్కువైనవాళ్ళూ తికమక పడకుండా పనిచేయగలరు. నిజంగా మంచి పద్ధతే. అయితే అయిదు లీటర్ల డబ్బా నుంచి మంచినీళ్ళ సీసాలోకి వంపుకున్న క్షణాన ఆ అంకె పోతుంది. నీళ్ళ సీసా మూత, నీలం లేబుల్, లోపల ఆసిడ్! వేసవిలో దాహంతో ఉన్నవాడు చూడకుండా ఎత్తి తాగడానికి రెండు సెకన్లు చాలు. ప్రతి సీసా మీద తెలుగులో పేరు, కలపాల్సిన పాలు, కలపకూడని వస్తువు రాసి అంటించడం ఈ రంగం మొత్తంలో అతి చవకైన రక్షణ. మార్కర్ పెన్ను, తెల్ల ప్లాస్టర్ చాలు.

పాళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి. చిక్కగా పోస్తే బాగా తెల్లబడుతుందనేది మన సబ్బు నాటి నమ్మకం. కార్పెట్ షాంపూ విషయంలో ఇది ఎదురుతన్నుతుంది. నీళ్ళు తగ్గించి కలిపిన షాంపూ ఆరిపోయాక పొడిలా తివాచీ పోగుల్లో ఉండిపోతుంది. జనం నడిచినప్పుడల్లా అది లేచి ముక్కుల్లోకి వెళ్తుంది. అమెరికాలో ఒక పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో, ఒక ఆఫీసులో సరిగ్గా ఇలాగే జనం దగ్గులతో, గొంతు మంటలతో బాధపడిన ఉదంతాలు 1982లో శాస్త్రపత్రికకు ఎక్కాయి. అదే ఏడాది ఇంకో సంచలనం లేచింది. పిల్లల్లో గుండె రక్తనాళాలను దెబ్బతీసే కవాసాకి వ్యాధికీ కార్పెట్ షాంపూకీ సంబంధం ఉందని కొందరు పరిశోధకులు రాశారు. తర్వాతి అధ్యయనాల్లో అది నిలకడగా నిలబడలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. భయపెట్టే వార్త తేలిపోయింది. నీళ్ళు సరిగా కలపకపోతే దగ్గొస్తుందన్న సాదా వార్త ఈనాటికీ పనికొస్తోంది.

రోజూ ఈ పని చేసేవాళ్ళ ఊపిరితిత్తుల మీద ఎక్కువగా చెప్పుకునే అధ్యయనం నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయానిది, 2018లో వచ్చింది. 6,235 మందిని ఇరవయ్యేళ్ళ పాటు గమనించారు. శుభ్రం చేసే ఉద్యోగంలో ఉన్న స్త్రీలలో ఊపిరితిత్తుల శక్తి మిగతావాళ్ళకంటే వేగంగా తగ్గింది. ఆ తగ్గుదల ఏళ్ళ తరబడి రోజుకో సిగరెట్ పెట్టె కాల్చినవాళ్ళ నష్టంతో పోల్చదగినదని రాశారు. పురుషుల్లో ఆ తేడా కనిపించలేదు. వాళ్ళలో శుభ్రం చేసే పనివాళ్ళు మరీ తక్కువ. అవి మన దగ్గరి లెక్కలు కావు, అక్కడి రసాయనాలు వేరు, కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా ఇక్కడికి దింపలేం. కానీ అక్కడే అంత నష్టమైతే, ఇక్కడ తువ్వాలు ముక్కుకి కట్టుకున్నవాడి లెక్క ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. తువ్వాలు దుమ్మును కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. రసాయనాల ఆవిరికి మామూలు మాస్కూ చాలదు, బొగ్గు ఫిల్టరు డబ్బా బిగించిన మాస్కు కావాలి. అంతకంటే ముందు కావలసింది తెరిచిన కిటికీ.

మరకలు తీసే ద్రావకాల్లో రెండింటి పేర్లు మేస్త్రీలు గుర్తుపెట్టుకోవాలి: ట్రైక్లోరోఎథిలీన్, పెర్‌క్లోరోఎథిలీన్. నూనె, గ్రీజు మరకలకు ఇవి దివ్యంగా పనిచేస్తాయి. మొదటిది మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని, రెండోది కలిగించే అవకాశం బలంగా ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ మొదటిదాన్ని నిషేధిస్తూ, రెండోదాని వాడకాన్ని చాలావరకు ఆపేస్తూ నిబంధనలు తెచ్చింది. లేబుల్ లేని డబ్బాలో తీయటి వాసన వేసే "డ్రైక్లీనింగ్ ఆయిల్" ఎవరైనా అమ్మితే, అందులో ఏముందో కాగితం మీద రాసిమ్మని అడగాలి. రాసివ్వకపోతే కొనకూడదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది తుప్పు మరక. టెంట్ హౌస్ ఇనుపకుర్చీ కాళ్ళ కింద తడి తివాచీ మీద గుండ్రంగా పడే ఆ గోధుమరంగు వలయాలు మీరూ చూసే ఉంటారు. తుప్పు వదిలించే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. మామూలు ఆసిడ్ పడితే చురుక్కుమంటుంది, వెంటనే కడుక్కుంటాం. ఇది పల్చగా ఉంటే మొదట నొప్పే తెలియదు. గంటల తర్వాత లోపలి కండను, ఎముకను తినడం మొదలుపెడుతుంది. ఒంట్లో కాల్షియాన్ని లాగేసి గుండె దాకా పోగలదు. ఆసుపత్రిలో డాక్టరుకు "ఆసిడ్ పడింది" అంటే చాలదు, ఏ ఆసిడో సీసా తీసుకెళ్ళి చూపించాలి. దీని చికిత్స వేరు, కాల్షియం గ్లూకోనేట్ కావాలి. నా తీర్పు అడిగితే, పెళ్ళి హాలు తివాచీ మీద తుప్పు మరకను తీయనే అక్కర్లేదు. దాని మీద కుర్చీ వేస్తే సరి.

రసాయనం మెల్లగా చంపుతుంది, కరెంటు అలా ఆగదు. తడి తివాచీ, చుట్టూ నీళ్ళు, 230 వోల్టుల మెషీన్, దాన్ని నడిపేవాడి కాళ్ళకు చెప్పుల్లేవు. చెప్పులెందుకు లేవంటే, తివాచీ మీద చెప్పులతో తొక్కితే ఓనరు తిడతాడు. మర్యాద కొద్దీ చెప్పులు విప్పిన పనివాడు భూమికీ కరెంటుకీ మధ్య తీగై నిలబడ్డాడు. హాల్లో ప్లగ్గు దూరం, అందుకని అతుకుల వైరు. ఆ వైరుకి మూడో పిన్ను ఉండదు, లేదా ఉన్నదాన్ని రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడానికి విరిచేసి ఉంటారు. "షాక్ కొట్టదా?" అని ఆ విజయనగరం హాలు కుర్రాళ్ళలో ఒకణ్ణి అడిగాను. "సిన్నగా జిల్లుమంటాది బాబూ. రోజూ సేసీదే కదా, ఏటవుద్ది?" అన్నాడు. ఆ జిల్లు మెషీన్ బాడీలోకి కరెంటు లీకవుతోందనడానికి సాక్ష్యం. ఆ క్షణమే మెషీన్ పక్కన పెట్టాలి.

దీనికి విరుగుడు దశాబ్దాల క్రితమే కనిపెట్టారు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కోసేసే పరికరం, ఎలక్ట్రీషియన్లు ఆర్‌సీసీబీ అంటారు. వైరు ద్వారా వెళ్ళిన కరెంటు వెనక్కి రాకపోతే, ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని గ్రహించి, సెకనులో చిన్న భాగంలోనే ఆపేస్తుంది. మామూలు ఫ్యూజు, మామూలు ట్రిప్పరు ఆ పని చేయవు. అవి వైరు కాలకుండా చూస్తాయి, మనిషి కాలకుండా కాదు. హాలులో అది ఉందో లేదో తెలియదు కాబట్టి సర్వీసువాళ్ళు తమ ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే పెట్టించుకోవాలి. రబ్బరు బూట్లు ఉతికి శుభ్రంగా ఉంచుకుని, ఇవి తివాచీ బూట్లు అని ఓనరుకి ముందే చెప్పాలి. వాక్యూమ్ లాగే మురికినీళ్ళ ట్యాంకు నిండిపోతే నీళ్ళు మోటార్‌లోకి పోతాయి, దానిమీదా కన్నుండాలి.

కరెంటు లేనప్పుడు ఇంకో కథ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి చీకటి. నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విజయనగరాన్నీ విడిచిపెట్టలేదు. అలాంటప్పుడు జనరేటర్ల మీదే పని. వాన పడుతోందని జనరేటర్‌ను వరండాలోకో హాల్లోకో లాగుతారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, మగత, ఆ తర్వాత ఏమీ ఉండదు. జనరేటర్ ఎప్పుడూ గోడ అవతల, కిటికీలకు దూరంగా, గాలివాటు చూసి పెట్టాల్సిందే.

వరద తడిపిన తివాచీ మామూలు మురికి తివాచీ కాదు. దానిలోకి చేరింది కాలువ నీరు, మరుగుదొడ్ల నీరు, ఎలుకల మూత్రం. చేతికో కాలికో చిన్న గీత ఉన్నా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. మోచేతుల దాకా గ్లవ్స్, మోకాళ్ళ దాకా బూట్లు లేకుండా ముట్టుకోకూడదు. ఒకటి రెండు రోజులు తడిసి ఉన్నదాంట్లో బూజు పుట్టే ఉంటుంది. మన సముద్రపు గాలిలో అక్టోబరు నెలలో అది ఆరడం కల్ల. ఇలాంటిదాన్ని కడిగిస్తామని ఒప్పుకోవడమే పొరపాటు. జంపఖానా అయితే ఉడకబెట్టి ఎండేయొచ్చు. దట్టమైన తివాచీ అయితే పారేయమని ధైర్యంగా చెప్పే మేస్త్రీయే నమ్మదగినవాడు.

కిడ్నీల గురించి మాట్లాడుకోకుండా నడుము గురించి మాట్లాడలేం, శ్రీకాకుళం జిల్లాలో. నీళ్ళు పీల్చుకున్న తివాచీ పొడిదానికంటే ఎన్నో రెట్లు బరువు. ఒక్క మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. చుట్టిన తడి తివాచీని మేడ మెట్ల మీదుగా దింపేటప్పుడు ఆ లెక్క ఎవరు చూస్తారు? రాత్రికి నడుము పట్టేస్తుంది. మందుల షాపులో ఒక నొప్పి బిళ్ళ, మర్నాడు ఇంకోటి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: ఈ ఉద్దానం మండలాల పేర్లు చదివితేనే డయాలసిస్ గుర్తొచ్చే పరిస్థితి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని ఇంకా తేలలేదు. వేడిలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం అనుమానితుల జాబితాలో ఉన్నాయి. అది ఎలా తేలినా, చాలా నొప్పి బిళ్ళలు నీరు తక్కువైన కిడ్నీని దెబ్బతీయగలవన్నదానిలో మాత్రం అనుమానం లేదు. రబ్బరు గ్లవ్స్, మాస్కు, బూట్లు వేసుకోమని నేనిక్కడ తేలిగ్గా రాసేశాను. మే నెలలో, ఏసీ ఆపేసిన హాల్లో అవన్నీ వేసుకున్నవాడు గంటలో చెమటతో తడిసి ముద్దవుతాడు. విదేశీ భద్రతా పుస్తకాల్లో ఈ ఇబ్బంది సరిగా కనపడదు. అరగంటకోసారి నీడలో ఆపి, ఉప్పేసిన మజ్జిగో గంజో తాగించకుండా రక్షణ సామగ్రి మాత్రమే ఇస్తే, ఒక రోగం తప్పించి ఇంకో రోగం ఇచ్చినట్టే. ఉద్దానం నుంచి వచ్చిన కుర్రాళ్ళకు ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించడం ఓనర్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం ఏమంటుంది? వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020లో పార్లమెంటు ఆమోదం పొంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. నియామక పత్రం, వైద్యపరీక్షలు, యజమాని బాధ్యతలు అందులో ఉన్నాయి. అయితే సాధారణంగా పదిమంది, అంతకంటే ఎక్కువ పనివాళ్ళు ఉన్న సంస్థలకే అది వర్తిస్తుంది. ఈఎస్ఐ గీత కూడా అక్కడే. నలుగురు కుర్రాళ్ళు, ఒక ఆటో, ఒక మెషీన్ ఉన్న సర్వీసు ఈ రెండు గీతలకూ బయటే నిలబడుతుంది. 2014 జూన్ 28న చెన్నై మౌలివాకంలో కూలిన భవనం 61 మందిని మింగినప్పుడు, శవాలెన్నో ఈ రెండు జిల్లాలకే వచ్చాయి. అప్పుడు మంత్రులు వచ్చారు, పరిహారాలు ప్రకటించారు. తడి తివాచీ మీద ఒక్కడు పడిపోతే అది వాడి తలరాత అంటారు. చిన్న సర్వీసు నడిపేవాళ్ళు ఈరోజే చేయగలిగిన పని ఒకటుంది: పనివాళ్ళ బ్యాంకు ఖాతాల్లోంచి ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించడం. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు 2 లక్షలు.

ఇంతవరకూ చెప్పిన జాగ్రత్తల్లో కొత్తదేదీ లేదు, ఖరీదైనవీ రెండు మూడే. మరి ఎందుకు జరగవు? తెలియకపోవడం సగం కారణం. మిగతా సగం తొందర. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పొద్దున్న ఒకరి పెళ్ళి, రాత్రికి ఇంకొకరిది. మధ్యలో మిగిలే నాలుగైదు గంటల్లో తివాచీ కడగాలి, ఆరాలి, కుర్చీలు పడాలి. ఆ వ్యవధిలో షాంపూ చిక్కబడుతుంది, బ్లీచింగ్ బయటికొస్తుంది, అతుకుల వైరు సాగుతుంది, దుర్వాసన బయటికి పోకుండా కిటికీలు మూసి సెంటు కొడతారు. తడి ఆరని తివాచీ మీదే వధూవరులు నడుస్తారు. ఓనరు చెడ్డవాడని కాదు, హాలు ఖాళీగా ఉంటే ఆయనకు నష్టం. కుర్రాళ్ళు మూర్ఖులనీ కాదు, వాళ్ళకు ఇచ్చింది నాలుగు గంటలు.

కాబట్టి మీ ఇంట్లో పెళ్ళి కుదిరి హాలు మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు, భోజనాల లెక్క, డెకరేషన్ లెక్క అయ్యాక ఇంకొక్క మాట అడగండి: అదే రోజు పొద్దున్న అక్కడ ఇంకో పెళ్ళి ఉందా అని. ఉందంటే, మాకు తివాచీ వద్దు, నేల తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి చాలు అని చెప్పండి.